పరాన్నజీవి ప్రవేశవర్ణన: తెలుగు విజ్ఞానరచనలో క్రియ, రూపకాల పరిశీలన

వ్యాససంగ్రహం

రోగకారక పరాన్నజీవులు రోగనిరోధక కణాల్లోకి చేరే తీరును తెలుగులో వర్ణించేటప్పుడు “దాడి”, “చొరబాటు”, “ఆక్రమణ” అనే యుద్ధవాచక పదాలే ఎక్కువగా వినిపిస్తాయి. పరాన్నజీవి ఉపరితలంపై ఉండే అణువుల పనితీరును గమనిస్తే ఈ ప్రవేశం అన్ని జీవుల్లోనూ ఒకే రకంగా జరగదని తెలుస్తుంది. లీష్మానియాను ఆతిథేయి కణమే మింగుతుంది. టాక్సోప్లాస్మా సొంత బలంతో లోపలికి పోతుంది. మలేరియా స్పోరోజాయిట్ కొన్ని కణాల గుండా సాగి వేరే కణంలో స్థిరపడుతుంది. ఈ మూడింటినీ ఒకే క్రియతో చెప్పినప్పుడు శాస్త్రార్థం ఎక్కడ దెబ్బతింటుందో, దాన్ని సరిచేయడానికి తెలుగు క్రియావ్యవస్థలో, అనకాపల్లి ప్రాంతపు వ్యవసాయ వ్యవహారంలో, పురాణ కథాసంపదలో ఉన్న వనరులేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: విజ్ఞానరచన, పరిభాష, రూపకం, ప్రేరణార్థక క్రియ, పరాన్నజీవి, ఆతిథేయి, భక్షక కణం, ఉపరితల అణువు

1. ఉపోద్ఘాతం

తెలుగులో ఆధునిక శాస్త్రాలను చెప్పాలన్న సంకల్పానికి శతాబ్దానికి మించిన చరిత్ర ఉంది. కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికామండలి ఆ సంకల్పానికి గ్రంథరూపం ఇచ్చింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల స్థాయి పాఠ్యగ్రంథాలకు, పారిభాషిక పదకోశాలకు పూనుకొంది. ఈ కృషి ఫలితంగానే పరాన్నజీవి, ఆతిథేయి, ప్రతిజనకం, గ్రాహకం, భక్షక కణం వంటి మాటలు నేడు తరగతి గదిలో నిస్సంకోచంగా వాడుకలో ఉన్నాయి.

అయితే ఈ కృషి ప్రధానంగా నామవాచకాల మీదనే సాగింది. పదకోశం స్వభావమే అటువంటిది. అది వస్తువుకు పేరు పెడుతుంది, ప్రక్రియకు పేరు పెడుతుంది. ఆ పేర్లను వాక్యంలో కలిపే క్రియను మాత్రం రచయితకు వదిలేస్తుంది. రచయిత ఆంగ్లమూలంలోని క్రియను తెచ్చి తెలుగు నామవాచకాల పక్కన నిలుపుతాడు. “పరాన్నజీవి ఆతిథేయి కణంపై దాడిచేసి లోనికి చొరబడుతుంది” అనే నమూనా వాక్యాన్ని తీసుకొంటే, అందులోని నామవాచకాలన్నీ చక్కని పరిభాషే. క్రియలు రెండూ యుద్ధభూమి నుంచి వచ్చినవి. ఆ క్రియలు శాస్త్రవిషయానికి సరిపోతాయా అన్నదే ఈ వ్యాసం ఎదుట ఉన్న ప్రశ్న.

ఇది శైలికి మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు. వాక్యంలో క్రియ మారితే కర్త మారుతుంది. కర్త మారితే, జరిగిన పని ఎవరిదన్న అవగాహన మారుతుంది. వ్యాధి గురించి, టీకా గురించి, “రోగనిరోధక శక్తి పెంచుకోవడం” గురించి విద్యార్థి చేసే ఊహలన్నీ ఆ అవగాహన మీద ఆధారపడతాయి.

2. కోట, సైనికుడు, శత్రువు: యుద్ధరూపకం పరిధి

శరీరం కోట, తెల్లరక్తకణాలు సైనికులు, సూక్ష్మజీవి శత్రువు అన్న రూపకం పాఠశాల పాఠం నుంచి ఆరోగ్య ప్రచారం దాకా వ్యాపించింది. దీని మూలం తెలుగులో లేదు. 1882లో మెస్సీనాలో ఎలీ మెచ్నికోఫ్ నక్షత్రచేప డింభకంలో ముల్లు గుచ్చి, దాని చుట్టూ సంచార కణాలు చేరడం గమనించాడు. శరీరంలో ప్రవేశించిన పరాయి వస్తువును కణాలు తినివేస్తాయన్న సిద్ధాంతానికి అది నాంది. ఆ కణాలకు గ్రీకు మూలం నుంచి ఏర్పడిన పేరుకు అర్థం “తినే కణం”. ఆ పేరులో ఉన్నది భోజనక్రియ. తరువాత దాని చుట్టూ పెరిగిన వర్ణన మాత్రం యుద్ధక్రియలతో నిండిపోయింది. వ్యాధులకు సైనిక పరిభాషను అంటగట్టడం రోగి మీద కూడా భారం మోపుతుందని సూసన్ సాంటాగ్ 1978లో వెలువరించిన గ్రంథంలో విమర్శించింది. ఆమె దృష్టి ప్రధానంగా క్షయ, క్యాన్సర్ల మీద ఉంది. పరాన్నజీవుల విషయంలో ఆ పరిభాష రోగిని మాత్రమే కాక శాస్త్రార్థాన్ని కూడా ఇబ్బంది పెడుతుంది.

అలంకారశాస్త్ర దృష్టితో చూస్తే ఇబ్బంది ఎక్కడుందో స్పష్టమవుతుంది. ఉపమలో ఉపమాన ఉపమేయాల భేదం నిలిచే ఉంటుంది. రూపకంలో వాటికి అభేదం ఆరోపితమవుతుంది. “తెల్లరక్తకణం సైనికుని వంటిది” అన్నప్పుడు పోలిక ఎంతవరకు అని అడిగే అవకాశం పాఠకునికి మిగులుతుంది. “తెల్లరక్తకణాలు మన సైనికులు” అన్నప్పుడు ఆ అవకాశం తగ్గుతుంది. సైనికుడు శత్రువును మింగడు. శత్రువు సైనికుని కడుపులో కాపురం పెట్టడు. కానీ ఈ వ్యాసంలో ప్రస్తావితమయ్యే పరాన్నజీవుల్లో ముఖ్యమైనది సరిగ్గా అక్కడే కాపురం పెడుతుంది. రూపకం ఆగిపోయే చోటే శాస్త్రవిషయం మొదలవుతోంది.

3. లీష్మానియా: మింగించుకొనే పరాన్నజీవి

కాలా అజార్ వ్యాధికి కారణమైన లీష్మానియా డోనోవానీ చరిత్రలో మద్రాసుకు స్థానం ఉంది. 1903లో విలియం లీష్మన్ డమ్‌డమ్‌లో వ్యాధి సోకిన సైనికుని ప్లీహంలో కనిపించిన సూక్ష్మరూపాలను గురించి ప్రకటించాడు. అదే ఏడాది మద్రాసులో చార్లెస్ డోనోవాన్ రోగుల ప్లీహంలో అవే రూపాలను చూశాడు. ఇద్దరి పేర్లూ కలిసేటట్లు ఆ జీవికి రోనాల్డ్ రాస్ నామకరణం చేశాడు. అనకాపల్లి అప్పుడు మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. నేడు దేశంలో ఈ వ్యాధి ప్రధానంగా బిహార్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాలకు చెందిన సమస్య. అయినా జీవశాస్త్ర తరగతిలో దీనికి ప్రాముఖ్యం తగ్గలేదు. రోగనిరోధక కణాన్నే నివాసంగా చేసుకొనే జీవికి ఇది ప్రసిద్ధ ఉదాహరణ.

శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ కుట్టినప్పుడు కశాభంతో కూడిన లీష్మానియా రూపం చర్మంలోకి చేరుతుంది. దాని ఉపరితలాన్ని దట్టంగా కప్పి ఉండే అణువుల్లో రెండు ముఖ్యమైనవి. ఒకటి లైపోఫాస్ఫోగ్లైకాన్. ఇది చక్కెర, ఫాస్ఫేట్ ఘటకాలు పొడవైన గొలుసుగా ఏర్పడి, కొవ్వు లంగరుతో పొరకు అంటుకొని ఉండే అణువు. రెండవది జి.పి.63 అనే ప్రోటీన్‌ఛేదక ఎంజైము.

రక్తంలోని సంపూరక ప్రోటీన్లు పరాయి ఉపరితలాన్ని గుర్తించి దానిమీద సి3బి అనే ముక్కను అంటిస్తాయి. ఈ క్రమం చివరిదాకా సాగితే పొరకు రంధ్రం పడి జీవి నశించాలి. సంక్రమణకు సిద్ధమైన దశలో లీష్మానియా లైపోఫాస్ఫోగ్లైకాన్ గొలుసు పొడవు పెరుగుతుంది. అందువల్ల రంధ్రం చేసే ప్రోటీన్ల సముదాయం పొరదాకా చేరలేదు. మరోవైపు జి.పి.63, సి3బిని ఛేదించి ఐసి3బి అనే రూపంగా మారుస్తుంది. ఈ మారిన రూపాన్ని స్థూలభక్షక కణం మీది సి.ఆర్.3 అనే గ్రాహకం పట్టుకొంటుంది. ఆ గ్రాహకం ద్వారా కణం లీష్మానియాను మింగుతుంది. ఈ మార్గంలో మింగినప్పుడు, సూక్ష్మజీవులను చంపడానికి కణం విడుదల చేసే ఆక్సిజన్ విషపదార్థాల ఉద్ధృతి తక్కువగా ఉంటుంది. మింగిన తరువాత ఆ జీవి ఉన్న కోశం జీర్ణరసాల కోశంతో కలవడాన్ని లైపోఫాస్ఫోగ్లైకాన్ కొంతసేపు ఆలస్యం చేస్తుంది. ఆ వ్యవధిలో పరాన్నజీవి కశాభాన్ని కుదించుకొని, ఆమ్లవాతావరణాన్ని తట్టుకొనే గుండ్రని రూపంగా మారుతుంది. ఆపైన ఆ జీర్ణకోశంలోనే వృద్ధి చెందుతుంది.

ఈ వర్ణనలో “చొరబడు” అన్న క్రియకు చోటెక్కడ? లోపలికి తీసుకొన్నది భక్షక కణం. చేయి చాచింది, పట్టుకొన్నది, మింగింది అదే. పరాన్నజీవి దానిని బలవంతపెట్టలేదు, గోడ పగలగొట్టలేదు. అలాగని “లీష్మానియా మింగబడుతుంది” అన్న కర్మణివాక్యం కూడా సత్యాన్ని పూర్తిగా చెప్పదు. అందులో పరాన్నజీవి కేవలం నిష్క్రియ వస్తువవుతుంది. సి3బిని ఛేదించి తనకు అనువైన గుర్తుగా మలచుకొన్న ఎంజైము పాత్ర ఆ వాక్యంలో కనిపించదు.

ఇక్కడ తెలుగు క్రియావ్యవస్థ ఒక సౌకర్యం కల్పిస్తుంది. ప్రేరణార్థక క్రియకు “కొను” చేరినప్పుడు, పని ఇతరులు చేసినా దాని ప్రేరణ, ఫలం రెండూ వాక్యంలోని కర్తవే అవుతాయి. “పిల్లవాడు తాతచేత ఎత్తించుకొన్నాడు” అన్న వాక్యంలో ఎత్తింది తాత. పిల్లవాడు తాత భుజం మీదికి ఎగబాకలేదు. కానీ చేతులు చాచింది పిల్లవాడే, ఎత్తబడినందువల్ల కలిగిన ఫలం అతనిదే. బాలవ్యాకరణం మొదలుకొని ప్రేరణార్థక క్రియను తెలుగు వ్యాకరణాలు వివరించాయి. “చేయించుకొను”, “అనిపించుకొను” వంటి రూపాలు నిత్యవ్యవహారంలో ఉన్నవే. ఆ మార్గంలోనే “లీష్మానియా భక్షక కణంచేత తనను మింగించుకొంటుంది” అనవచ్చు. ఒక్క క్రియలో మింగిన కణం, మింగించిన ఉపరితల అణువు, దాని ఫలం మూడూ ఇమిడిపోయాయి. ఈ వాక్యానికి అదనంగా వివరణ వాక్యం అవసరం లేదు.

4. టాక్సోప్లాస్మా: చొచ్చుకొనిపోయే పరాన్నజీవి

“చొరబాటు” అన్న మాట ఎక్కడా పనికిరాదని పై చర్చ అర్థం కాదు. టాక్సోప్లాస్మా గోండీ విషయంలో అది సరిగ్గా సరిపోతుంది. పిల్లుల ద్వారా వ్యాపించే ఈ ఏకకణజీవి కేంద్రకం ఉన్న దాదాపు ఏ కణంలోకైనా ప్రవేశిస్తుంది. స్థూలభక్షక కణాలు, డెండ్రైటిక్ కణాలు కూడా అందులో ఉన్నాయి. మొదట దాని ఉపరితల ప్రతిజనకాలు ఆతిథేయి కణాన్ని వదులుగా తాకుతాయి. తరువాత అది తనలోని ప్రత్యేక కోశాల నుంచి ప్రోటీన్లను స్రవించి, ఆతిథేయి పొరలో ఒక బిగింపు వలయాన్ని తానే అమర్చుకొంటుంది. ఆ వలయం గుండా తన సొంత ఆక్టిన్, మయోసిన్ యంత్రాంగంతో ముందుకు కదిలి, అర నిమిషంలోపే లోపలికి చేరుతుంది. ఆతిథేయి కణపు భక్షణక్రియ ఇందులో అవసరం లేదు.

ఈ జీవి విషయంలో ప్రవేశమార్గం ఎంత నిర్ణాయకమో చెప్పే ఒక పరిశీలన ఉంది. టాక్సోప్లాస్మా తానుగా చొచ్చుకొని వెళ్ళినప్పుడు ఏర్పడే కోశం జీర్ణరసాల కోశంతో కలవదు. జీవి అందులో సురక్షితంగా పెరుగుతుంది. అదే జీవిని ప్రతిరక్షకాలతో కప్పి అదే భక్షక కణానికి అందిస్తే, కణం దానిని తన గ్రాహకాల ద్వారా మింగుతుంది. అప్పుడు ఆ కోశం జీర్ణరసాలతో కలుస్తుంది, జీవి నశిస్తుంది. కణం అదే, పరాన్నజీవి అదే. చొచ్చుకొనిపోతే బతికింది, మింగబడితే చచ్చింది. “లోపలికి ప్రవేశించింది” అన్న సామాన్య వాక్యం ఈ రెండు సందర్భాలకూ ఒకేలా వర్తిస్తుంది. అందుకే అది శాస్త్రరచనలో చాలని వాక్యం. లీష్మానియా మింగబడి కూడా బతుకుతుందన్న విషయంతో దీన్ని పోల్చితే, క్రియాభేదం పాటించడం ఎంత అవసరమో మరింత తెలుస్తుంది.

5. మలేరియా: గుండా సాగిపోయే పరాన్నజీవి

ఉత్తరాంధ్ర విద్యార్థికి పైరెండు వ్యాధులు పుస్తకంలోని పేర్లు. చలిజ్వరం అలా కాదు. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లా, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వేరుపడ్డాయి. నర్సీపట్నం దాటి మన్యంలోకి వెళ్ళే దారిలో మలేరియా తరతరాల అనుభవం. ఇదే భాష మాట్లాడే సికిందరాబాదులో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. ఈ వ్యాధి వర్ణనలో క్రియ సరిగా ఉండవలసిన అవసరం ఇక్కడి తరగతి గదికి ప్రత్యక్షమైనది.

మలేరియా గురించిన వివరణ సాధారణంగా ఎర్రరక్తకణంతో మొదలవుతుంది. అంతకు ముందే జరిగే ఒక ఘట్టంలో రోగనిరోధక కణానికి పాత్ర ఉంది. దోమ కుట్టినప్పుడు చర్మంలోకి వచ్చిన స్పోరోజాయిట్ రూపాలు రక్తంలో చేరి కాలేయానికి వెళ్తాయి. వాటి ఉపరితలాన్ని దట్టంగా కప్పి ఉండే సర్కమ్‌స్పోరోజాయిట్ ప్రోటీన్, కాలేయ కణాలకు సంబంధించిన హెపరాన్ సల్ఫేట్ గొలుసులను అంటుకొంటుంది. ఎక్కడ ఆగాలో ఆ స్పర్శ తెలుపుతుంది. కాలేయ రక్తనాళికల్లో కుఫర్ కణాలనే స్థూలభక్షక కణాలు కాపు కాస్తుంటాయి. స్పోరోజాయిట్లు కాలేయ కణాన్ని చేరడానికి వాడే దారుల్లో కుఫర్ కణం గుండా పోవడం ఒకటి. ఆ కణంలో అవి నివసించవు, వృద్ధి చెందవు. దాటిపోతాయి, అంతే. ఆ దాటే క్రమంలో సర్కమ్‌స్పోరోజాయిట్ ప్రోటీన్ కుఫర్ కణపు ఆక్సిజన్ విషపదార్థాల విడుదలను అణచివేస్తుందని ప్రయోగాలు సూచించాయి. చివరకు కాలేయ కణంలో చేరి, అక్కడ కోశం ఏర్పరచుకొని స్థిరపడతాయి.

దీనికి “ఆక్రమణ” అన్న మాట వాడితే కుఫర్ కణం, కాలేయ కణం రెండూ ఒకటే అవుతాయి. మొదటిది దారి, రెండవది మజిలీ. “గుండా సాగిపోవు”, “చేరి నిలుచు” అన్న రెండు క్రియలు వాడితే తేడా నిలుస్తుంది.

టీకాను వివరించేటప్పుడు ఈ తేడాకు ప్రయోజనం కనిపిస్తుంది. 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఆర్.టి.ఎస్.,ఎస్ టీకా, 2023 అక్టోబరులో సిఫారసు చేసిన ఆర్21 టీకా రెండూ ఈ సర్కమ్‌స్పోరోజాయిట్ ప్రోటీన్ భాగం ఆధారంగా తయారైనవే. వాటివల్ల కలిగే ప్రతిరక్షకాలు చర్మం నుంచి కాలేయ కణం దాకా ఉన్న ప్రయాణంలో స్పోరోజాయిట్‌ను పట్టుకోవాలి. అది కాలేయ కణంలో నిలిచిన తరువాత ఉపరితలం వేరు, లక్ష్యం వేరు. “టీకా సైనికులను తయారుచేస్తుంది, వారు శత్రువును చంపుతారు” అన్న వాక్యం విన్న విద్యార్థికి, టీకా వేసుకొన్నా జ్వరం రావచ్చునన్న విషయం వైఫల్యంగా తోస్తుంది. “దారిలో పట్టుకోవడం” అన్న వాక్యం విన్న విద్యార్థి, కొన్ని తప్పించుకోవచ్చునని, తప్పించుకొన్నవి రక్తంలో మళ్ళీ పెరగవచ్చునని తానే ఊహించగలడు. దోమతెర వాడకం ఎందుకు ఆపకూడదో కూడా అతనికి వేరుగా చెప్పనక్కరలేదు.

6. తెలుగు పలుకుబడిలోని వనరులు

6.1. చెరకుతోట భాష

క్రియాభేదం పాటించే విజ్ఞానభాష తెలుగులో ఇప్పటికే ఉందని గుర్తించడం అవసరం. అది వ్యవసాయ భాష. అనకాపల్లి బెల్లానికి పేరుపొందిన ఊరు. అక్కడి చెరకు పరిశోధన కేంద్రం 1913 నాటిది. చెరకు రైతు, వ్యవసాయ విస్తరణాధికారి కలిసి వాడే భాషలో తెగులు “సోకుతుంది”, పురుగు “పడుతుంది”. పంటకు హాని చేసే పురుగుల పేర్లలోనే క్రియ ఇమిడి ఉంటుంది. కాండం తొలుచు పురుగు, కాయతొలుచు పురుగు, రసం పీల్చే పురుగు, ఆకుముడత పురుగు అన్న పేర్లు ఆయా జీవులు పంటను ఏ విధంగా చేరతాయో, ఏం చేస్తాయో చెబుతాయి. తొలిచే పురుగుకు వేసే మందు వేరు, రసం పీల్చే పురుగుకు వేసే మందు వేరు. క్రియ తప్పితే మందు తప్పుతుంది. అందుకే ఆ భాషలో క్రియ ఖచ్చితంగా నిలిచింది. చెరకులో ఎర్రకుళ్ళు తెగులును “దాడి” అని వార్తాపత్రిక అనవచ్చు. రైతు మాత్రం “సోకింది” అంటాడు.

మానవ వ్యాధుల విషయంలోనూ వాడుక భాష స్పర్శవాచక క్రియలను నిలుపుకొంది. అంటువ్యాధిలోని “అంటు”కు తాకు, అతుక్కొను అని అర్థం. “సోకు”కు కూడా తాకుట అనే అర్థం. జలుబు పడుతుంది, వడదెబ్బ తగులుతుంది. ఉపరితల అణువులను గురించిన జీవశాస్త్రం చెప్పేది మొదట ఈ స్పర్శనే. ఏ పరాన్నజీవి అయినా ముందు అంటాలి. ఏ అణువు దేనికి అంటుకొంటుందన్న దానిమీదే తరువాతి కథ ఆధారపడుతుంది. ఆచంట లక్ష్మీపతి తన గ్రంథానికి పెట్టిన “అంటువ్యాధులు” అన్న పేరులోని క్రియాధాతువు నేటి అణుజీవశాస్త్రానికి కూడా పాతబడలేదు.

6.2. వాతాపి, కచుడు

పరిభాషలో ఉన్న నామవాచకాల అర్థాన్ని గమనిస్తే మరొక విషయం తెలుస్తుంది. పరాన్నజీవి అంటే పరుల అన్నంతో జీవించేది. ఆతిథేయి అంటే అతిథిని ఆదరించేది. భక్షక కణం అంటే తినేది. మూడు మాటలూ భోజనానికి, ఆతిథ్యానికి సంబంధించినవే. పరిభాషలోని నామవాచకాలు ఒక రూపకాన్ని నిర్మిస్తుంటే, వాటి పక్కన చేరే క్రియలు వేరొక రూపకాన్ని నిర్మిస్తున్నాయి. పాఠకుడు గమనించని ఈ వైరుధ్యం తెలుగు విజ్ఞానరచనలో చాలాకాలంగా కొనసాగుతోంది.

నామవాచకాలు సూచించిన దారిలో వెళ్తే భారతకథలు రెండు ఎదురవుతాయి. అరణ్యపర్వంలో ఇల్వలుడు తన తమ్ముడు వాతాపిని మేకగా మార్చి, వండి, అతిథులకు వడ్డిస్తాడు. తిన్నవారి కడుపు చీల్చుకొని వాతాపి బయటికి వస్తాడు. అగస్త్యుడు మాత్రం అతణ్ణి జీర్ణం చేసుకొంటాడు. పసిపిల్లల పొట్ట నిమురుతూ వాతాపి పేరు తలిచే అలవాటు తెలుగు ఇళ్ళలో ఇంకా ఉంది. ఆదిపర్వంలో నన్నయ చెప్పిన కచుని కథ మరొకటి. రాక్షసులు కచుణ్ణి చంపి, బూడిద చేసి, మద్యంలో కలిపి శుక్రాచార్యుని చేత తాగించారు. శుక్రుని కడుపులో ఉండగానే కచుడు ఆయన నుంచి మృతసంజీవని నేర్చి, బయటికి వచ్చాడు.

రెండు కథల్లోనూ ప్రశ్న కోటగుమ్మం దగ్గర లేదు, కడుపులో ఉంది. మింగడం జరిగిపోయింది. జీర్ణమవుతుందా లేదా అన్నదే సమస్య. లీష్మానియా విషయంలో శాస్త్రజ్ఞుల ప్రశ్న కూడా అదే. సాధారణ బాక్టీరియాను మింగిన భక్షక కణం అగస్త్యుని వంటిది. లీష్మానియాను మింగిన భక్షక కణం శుక్రుని వంటిది. జీర్ణకోశమే ఆ జీవికి వృద్ధిస్థానమైంది.

ఈ పోలికకు కూడా హద్దు ఉంది. వాతాపికి, కచునికి ఉద్దేశం ఉంది. అణువుకు లేదు. లీష్మానియా వల్ల భక్షక కణానికి కలిగే హాని కచుని వల్ల శుక్రునికి కలిగినట్లు సరిదిద్దుకొనే హాని కాదు. కనుక ఈ కథలను “వంటిది” అన్న ఉపమావాచకంతో వాడాలి, అభేదరూపకంగా వాడకూడదు. టాక్సోప్లాస్మాకు ఈ పోలిక అసలే వర్తించదు. ఏ రూపకమూ అన్ని పరాన్నజీవులకూ సరిపోదన్న ఎరుకే ఇక్కడ ముఖ్యం.

7. రెండు అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం: “మింగించుకొను” అన్న క్రియ పరాన్నజీవికి తెలివిని, కపటాన్ని ఆపాదించదా? ఆ ప్రమాదం ఉన్నది. “మోసగించు”, “మారువేషం” అన్న మాటలు వాడినప్పుడు అది ఎక్కువ. ప్రేరణార్థక క్రియలో ఉద్దేశం తప్పనిసరి కాదు. “ఎండ చెమట పట్టించింది” అన్నప్పుడు ఎండకు ఉద్దేశాన్ని ఎవరూ అంటగట్టరు. సహజవరణం ద్వారా నిలిచిన ఉపరితల అణువు ఫలితంగా ఒక పని జరుగుతుందని చెప్పడానికి ప్రేరణార్థకం సరిపోతుంది.

రెండవ అభ్యంతరం: ఇంత సూక్ష్మభేదం సామాన్య పాఠకునికి అవసరమా? దీనికి రోగనిరోధక శక్తిని గురించి సమాజంలో ఉన్న ఊహలే సమాధానం. సైనికులు ఎక్కువైతే విజయం తథ్యమన్న రూపకం నుంచే “ఇమ్యూనిటీ పెంచే” పొడులకు, కషాయాలకు గిరాకీ పుట్టింది. లీష్మానియా వంటి జీవికి భక్షక కణాలు ఎక్కువగా చేరడమే నివాసాలు ఎక్కువ కావడం. ఆ కణాలకు లోపలి జీవిని చంపే సంకేతం అందిందా లేదా అన్నది సంఖ్య కన్నా ముఖ్యం. యుద్ధరూపకంలో ఈ మాట చెప్పడానికి వీలులేదు. జీర్ణరూపకంలో సులువుగా చెప్పవచ్చు.

ఉపరితల అణువులను గురించి రాసేటప్పుడు అతివ్యాప్తికి దూరంగా ఉండడమూ అవసరమే. లీష్మానియా మేజర్ జాతిలో లైపోఫాస్ఫోగ్లైకాన్ తయారీకి కావలసిన జన్యువును తొలగిస్తే సంక్రమణ సామర్థ్యం తగ్గింది. లీష్మానియా మెక్సికానా జాతిలో అదే అణువు లేకుండా చేసినా ఎలుకల్లో సంక్రమణ సామర్థ్యం నిలిచింది. అంతేకాక, భక్షక కణంలో పెరిగే గుండ్రని రూపంలో ఈ అణువు దాదాపు కనిపించదు. ఆ రూపం ఒక కణం నుంచి మరొక కణానికి చేరేటప్పుడు తన మీద అంటుకొన్న ప్రతిరక్షకాలను, మృతకణాల గుర్తయిన ఫాస్ఫాటిడైల్‌సెరైన్‌ను ఆసరా చేసుకొంటుంది. “ఈ అణువే తాళంచెవి” అన్న వాక్యం అందంగా ఉన్నా, జాతి, దశ పేర్కొనకుండా రాస్తే అసత్యమవుతుంది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. తెలుగు విజ్ఞాన పరిభాషాకృషి నామవాచకాల విషయంలో సాధించిన నిర్దిష్టతను క్రియల విషయంలో ఇంకా సాధించవలసి ఉంది.

2. రోగనిరోధక కణాల్లోకి పరాన్నజీవుల ప్రవేశాన్ని కనీసం మూడు క్రియలతో వేరుచేసి చెప్పాలి. లీష్మానియా మింగించుకొంటుంది. టాక్సోప్లాస్మా చొచ్చుకొనిపోతుంది. మలేరియా స్పోరోజాయిట్ కుఫర్ కణం గుండా సాగి కాలేయ కణంలో నిలుస్తుంది.

3. ప్రేరణార్థకానికి “కొను” చేరిన రూపం, ఆతిథేయి కణం చేసే పనిని, పరాన్నజీవి ఉపరితల అణువు ప్రేరణను ఒకే వాక్యంలో చెప్పగలదు. ఇది తెలుగుకు సహజమైన సౌకర్యం.

4. పురుగుల పేర్లలోనే క్రియను నిలుపుకొన్న వ్యవసాయ తెలుగు, వైద్యవిజ్ఞాన రచనకు ఆదర్శం కాగలదు. పారిభాషిక పదకోశాలు నామవాచకం పక్కన దానికి తగిన క్రియను, ఒక నమూనా వాక్యాన్ని కూడా చేర్చడం మేలు.

5. రూపకం అవసరమైన చోట ఉపమగా వాడి, అది ఎక్కడ వర్తించదో ఆ వాక్యం పక్కనే చెప్పడం శాస్త్రరచనకు తగిన ఔచిత్యం.

జీవశాస్త్ర అధ్యాపకుడు అణువును వివరిస్తాడు, తెలుగు అధ్యాపకుడు వాక్యాన్ని వివరిస్తాడు. చలిజ్వరం తెలిసిన ప్రాంతంలో చదువుకొనే విద్యార్థికి ఆ రెండూ ఒకే వాక్యంలో అందాలి. ఆ వాక్యంలో కర్త ఎవరో తేల్చే పని ఇద్దరిదీ.